ఐదువందల పందొమ్మిదో కార్డు

మా ఆఫీసులో నా పక్క కుర్చీలో కూర్చునే అమ్మాయి విద్యానగర్ నుంచి వస్తుంది. చేతి వేగం ఎక్కువ, నోటి వేగం అంతకన్నా ఎక్కువ. పోయిన వారం మేమిద్దరం ఒక పెద్ద ఫైలులో ఎక్కడో మధ్యలో చెడిన ముక్కను సరిచేయాల్సి వచ్చింది. మొదటి నుంచి చదువుకుంటూ పోతే సాయంత్రానికి కూడా ఆ చోటికి చేరం. అందుకని ఫైలు తెరిచి, మొదలు నుంచి ఇన్ని అక్షరాల దూరం జరుగు అని చెప్తాం. కంటికి కనపడని గుర్తు ఒకటి నేరుగా వెళ్ళి అక్కడ నిలబడుతుంది. ఇక చదివినా అక్కడి నుంచే, రాసినా అక్కడే. ఆ అమ్మాయి జరిపింది, రాయబోయింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని "ఎక్కడున్నామో ఒకసారి అడుగు" అన్నాను. అడిగింది. సరైన చోటే. "ఇంకోసారి అడుగు" అన్నాను. "ఏంది మేడం, ఇందుల దయ్యాలున్నయా? గింత భయపడుతున్నరు" అని నవ్వింది. నేనూ నవ్వేసి, టీ తాగొస్తానని లేచి వెళ్ళాను. నిజానికి టీ తాగలేదు. మెట్ల దగ్గర కాసేపు ఊరికే నిలబడ్డాను.

మా పెద్దనాన్న చిక్కడపల్లిలో హోమియో వైద్యం చేసేవాడు. ఏదో సర్కారు ఆఫీసులో గుమాస్తాగా చేసి దిగిపోయిన మనిషి. వైద్యం మాత్రం ఉద్యోగంలో ఉన్నప్పటి నుంచీ ఉంది. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు. ఇంటి ముందు గదిని ఒక పూల కర్టెన్‌తో రెండుగా చేశాడు. కర్టెన్‌కు ఇవతల పేషెంట్ల బెంచీ, అవతల ఆయన బల్ల. గదంతా స్పిరిటు వాసన, చక్కెర గోలీల వాసన. చిన్నప్పుడు ఆ గోలీల కోసం నేను కనిపెట్టిన తలనొప్పులకు లెక్కలేదు. ఆయన ప్రతిసారీ నాడి పట్టుకుని, నాలుక చూసి, చాలా గంభీరంగా నాలుగు ఉత్త గోలీలు చేతిలో పెట్టేవాడు. వాటిలో మందు లేదని నాకు తెలుసు, నాకు నొప్పి లేదని ఆయనకు తెలుసు. ఇద్దరం ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు.

హోమియోలో మందుకన్నా ప్రశ్నలు ఎక్కువ. దగ్గని వచ్చినవాణ్ణి ఏ పక్కకు తిరిగి పడుకుంటావని అడుగుతారు. పులుపు ఇష్టమా, ఉరుముకు భయపడతావా, ఎవరన్నా ఓదారిస్తే ఏడుపు తగ్గుతుందా పెరుగుతుందా అని అడుగుతారు. పెద్దనాన్న తొందరపెట్టకుండా అడుగుతాడు, జవాబు వచ్చేదాకా కిటికీ వైపు చూస్తూ కూర్చుంటాడు. ఆ నిశ్శబ్దం భరించలేక మనుషులు కట్టుకున్నవాళ్ళకు కూడా చెప్పని మాటలు ఆయనకు చెప్పేసేవారు. అవన్నీ పోస్టుకార్డంత అట్టముక్కల మీద సన్నటి అక్షరాలతో ఎక్కేవి. కార్డు మీద పేరు రాసేవాడు కాదు. నంబరు ఒక్కటే. పేర్లూ నంబర్లూ ఉన్న నోటుబుక్కు ఎర్రగుడ్డలో చుట్టి దేవుడి గూట్లో ఉండేది. మందు పొట్లం మీద కూడా నంబరే. "కార్డు దొంగలు ఎత్తుకపోయినా వాళ్ళకు మనిషి దొరకొద్దు" అనేవాడు. మా దొంగలు అంత చదువుకున్నవాళ్ళు కారని పెద్దమ్మ అనేది.

ఆ కార్డులు రెండు పొడుగాటి చెక్క సొరుగుల్లో వరసగా నిలబడి ఉండేవి. ఎవరైనా మూడువందల పది అంటే పెద్దనాన్న ఒకటి నుంచి లెక్కపెట్టడు. వేలితో అంచనాగా దూరం కొలిచి, చీపురుపుల్ల ఒకటి ఆ సందులో గుచ్చుతాడు. తీసి చూస్తే మూడువందల ఎనిమిదో తొమ్మిదో ఉంటుంది. రెండు కార్డులు జరిపితే సరి. కార్డు బయట ఉన్నంతసేపూ పుల్ల ఆ సందులోనే ఉంటుంది, తిరిగి పెట్టేది అక్కడే. ఇరవై ఏళ్ళు ఒక్క కార్డు కూడా చోటు తప్పలేదు. ఆ తర్వాత ఆయన కంటి నరం ఎండిపోవడం మొదలైంది. కొత్త కార్డుల మీద అక్షరాలు పెద్దవై, వంకరపోయి, ఒకదాని మీద ఒకటి ఎక్కాయి. పాత కార్డులైతే ఆయన రాతే ఆయనకు కనిపించేది కాదు.

సరిగ్గా అప్పుడే నేను గొప్పదాన్నయ్యాను. నారాయణగూడ చౌరస్తా దగ్గర ఒక మిఠాయి దుకాణం పైన కంప్యూటర్ క్లాసులు చెప్పేవారు. చెప్పులు బయట విడిచి, కాళ్ళు తుడుచుకుని, చల్లటి గదిలోకి పోవాలి. గుడికి కూడా అంత భక్తిగా వెళ్ళేదాన్ని కాదు. మా ఇల్లు అశోక్‌నగర్‌లో. పొద్దున ఇంటి నుంచి నారాయణగూడకు నడక, తిరుగుదారిలో చిక్కడపల్లిలో పెద్దమ్మ చేతి టీ, మళ్ళీ ఇంటికి నడక. ఆరు నెలలు క్లాసులకు వెళ్ళి నాలుగు ప్రోగ్రాములు రాసేసరికి నాకు లోకమంతా అరకొరగా నడుస్తున్నట్టు, నేను చెయ్యి వేస్తే బాగుపడేటట్టు అనిపించసాగింది. మేనమామ ఆఫీసులో తీసేస్తున్న కంప్యూటర్ ఒకటి, నల్లటి తెర మీద పచ్చటి అక్షరాలది, రిక్షాలో చిక్కడపల్లి చేరింది. కార్డులన్నీ ఇందులోకి ఎక్కిస్తాను పెద్దనాన్నా, నంబరు చెప్తే చాలు, కన్నుమూసి తెరిచేలోగా కార్డు వస్తుంది, నేను చదివి వినిపిస్తాను అన్నాను. ఆయన చాలాసేపు కిటికీ వైపు చూసి, "చదివింది చదివినట్టే మర్చిపోవాలె బిడ్డా. గట్లయితేనే" అన్నాడు. అట్లాగే అన్నాను. ఇరవై రెండేళ్ళ వయసులో మర్చిపోవడం చాలా తేలిక అనుకుంటాం.

ఒక్కో కార్డుకు నూట ఇరవై ఎనిమిది అక్షరాల జాగా ఇచ్చాను. కంప్యూటర్‌కు ఆ అంకె ఇష్టమని మా మాస్టారు చెప్పాడు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు. పేరు ఎలాగూ లేదు, నంబరు కూడా రాయలేదు. ఎందుకంటే అన్ని కార్డులకూ జాగా సమానం కాబట్టి నంబరును నూట ఇరవై ఎనిమిదితో గుణిస్తే ఆ కార్డు ఎంత దూరంలో ఉందో వచ్చేస్తుంది. గుర్తును అక్కడికి జరిపి చదవడమే. చోటే నంబరు. ఈ కిటుకు తట్టిన రోజు నేను పెద్దమ్మకు గంటసేపు వివరించాను. ఆమె బియ్యం ఏరుతూ అంతా విని, "అయితే చీపురుపుల్ల అక్కర్లేదంటవ్" అంది.

ఆ ఎండాకాలమంతా టైపు చేశాను. మొదట్లో భలే సరదాగా ఉండేది. మెయిన్‌రోడ్డు మీద స్టౌలు అమ్మే మీసాల పెద్దమనిషికి బల్లి అంటే చెమటలు. హైదర్‌గూడ నుంచి వచ్చే బ్యాంకు క్యాషియర్ పౌర్ణమికి ఊరికే ఏడుస్తాడు. వాళ్ళు ఎదురైతే నవ్వు ఆపుకోలేక పక్క సందులోకి తప్పుకునేదాన్ని. కొన్నాళ్ళకు ఆ నవ్వు పోయింది. పేర్లు లేకపోయినా మనుషులు తెలిసిపోతూనే ఉన్నారు. కూరగాయలు కొంటున్నప్పుడు, బస్సు కోసం నిలబడ్డప్పుడు, నా పక్కనున్నవాళ్ళ భయాలు వాళ్ళకన్నా ముందు నాకు కనిపించేవి. నిద్రలో కూడా ఆ మాటలే వినిపించేవి. ఒక రోజు ఐదువందల పందొమ్మిదో కార్డు చేతికొచ్చింది. వంకర అక్షరాలతో రాసిన ఆ కార్డు చదివి, లేచి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చి, మళ్ళీ చదివి, టైపు చేశాను.

పెద్దనాన్న ఇంటికి ఎదురుగా ఒక అవ్వ, ఆమె కొడుకు, కోడలు ఉండేవారు. కోడలిని నేను వదినా అనేదాన్ని. వాళ్ళ ఇంటి ముందు అందరిళ్ళకూ ఉన్నట్టే నేలలో నీళ్ళ సంపు, దానికి ఇనుప మూత. తెల్లవారి నల్లా నీళ్ళొచ్చే వేళకు మూత ఎత్తి ఎంత నిండిందో చూడటం అవ్వ పని. అంతకు రెండేళ్ళ కింద ఒక పొద్దున ఆ మూత తీసి ఉండిపోయింది. వదినకు రెండేళ్ళ కూతురు ఉండేది. అంతకన్నా నేను రాయలేను. మూత తీసింది నేనే, పెట్టడం మరిచిన అని అవ్వ ఆ రోజు గల్లీలో అందరి ముందూ నేల మీద పడి ఏడ్చింది. ఆ తర్వాత దాని గురించి ఆమె నోరు విప్పగా ఎవరూ వినలేదు. రోజూ మూత పెట్టాక కాలితో మూడుసార్లు నొక్కి చూసేది. ఆమెను ఎవరూ ఏమీ అనలేదు, వదిన అసలే అనలేదు. ఎంత మంచి కోడలు అనుకునేది గల్లీ.

ఐదువందల పందొమ్మిదో కార్డు ఇదీ. నీళ్ళు పడే చప్పుడుకు వణుకు. నిద్రలో లేచి కూర్చుంటుంది. ఆ రోజు సంపు మూత తీసింది తనే. అత్తకు తెలియదు, తన తప్పే అనుకుంటోంది.

కార్డులు మొత్తం ఐదువందల నలభై. ఎక్కించడం పూర్తయిన రోజు చివరి పది నంబర్లూ అడిగి చూశాను, పదీ సరిగ్గా వచ్చాయి. మొదటి పదీ మొదలుపెట్టిన రోజే చూసి ఉన్నాను. రెండు కొసలూ బాగున్నాయి కాబట్టి అంతా బాగుందనుకున్నాను. పెద్దనాన్న సంతోషంగా బల్ల పక్కన నాకో స్టూలు వేయించాడు. తెర వెలుతురు ఆయన కళ్ళకు పడదు. అందుకని నంబరు చెప్పగానే నేను గొంతు తగ్గించి గబగబా చదివేదాన్ని, ఆయన కిటికీ వైపు చూస్తూ వినేవాడు. వాన పడే రోజుల్లో ఒక ఆదివారం పొద్దున కవాడిగూడ నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. తొలినాటి పేషెంటు, రెండేళ్ళ తర్వాత తుమ్ములు తిరగబెట్టి వచ్చాడు. తన నంబరు ఏడు అని కొంచెం గర్వంగా చెప్పాడు. బయట కూరగాయల బండ్లవాళ్ళ గోల. పెద్దనాన్నకు వినిపించదని గొంతు పెంచి చదివాను. నీళ్ళు పడే చప్పుడుకు వణుకు. నిద్రలో లేచి కూర్చుంటుంది. ఆ రోజు సంపు మూత తీసింది తనే.

అక్కడికి వచ్చాక నేనేం చదువుతున్నానో నా బుద్ధికి అందింది. వేలకొద్దీ ముక్కలు టైపు చేసి చేసి నా నోరు నాకన్నా ముందు పోవడం అలవాటు పడింది. ఆఖరి ముక్క చదవకుండా ఆపేశాను. పెద్దనాన్న చెయ్యి ఎత్తాడు గానీ అప్పటికే ఆలస్యమైంది. పెద్దాయన అయోమయంగా ఇద్దరినీ చూసి, "మాది మూడో అంతస్తు డాక్టర్ సాబ్. మా ఇంట్ల సంపే లేదు కద" అన్నాడు. కర్టెన్ అవతల బెంచీ కిర్రుమంది. నేను లేచి సందులోంచి చూశాను. మోకాళ్ళ నొప్పులకు మందు కోసం వచ్చిన అవ్వ, ఎప్పుడొచ్చి కూర్చుందో నాకు తెలియదు, గోడ పట్టుకుని మెట్లు దిగుతోంది. వెనక్కి తిరగలేదు. గల్లీ దాటి, తన ఇంటి ముందు సంపు దగ్గర ఆగి, మూతను కాలితో ఒకసారి నొక్కి లోపలికి వెళ్ళింది.

ఆ మధ్యాహ్నం అన్నం ముట్టకుండా సొరుగు ముందేసుకుని కార్డులూ తెరా పోల్చి చూశాను. ఒకటి అడిగితే ఐదువందల పదమూడు వస్తోంది. రెండుకు ఐదువందల పద్నాలుగు. తప్పు ఎక్కడుందో దొరకడానికి సాయంత్రమైంది. దూరం లెక్కకట్టడానికి నేను వాడిన రకం అంకె అరవై ఐదు వేల ఐదువందల ముప్పై ఐదు దాకానే లెక్కపెడుతుంది. ఆపైన స్కూటర్ మీటరు తొమ్మిదులన్నీ అయ్యాక సున్నాలకు తిరిగినట్టు మళ్ళీ మొదటికొస్తుంది. ఐదువందల పన్నెండును నూట ఇరవై ఎనిమిదితో గుణిస్తే సరిగ్గా ఆ హద్దు దాటుతుంది. అక్కడి నుంచి వచ్చిన ప్రతి కార్డూ ఫైలు చివర్లో కాక మొదట్లో, ఉన్నవాళ్ళ మీద వెళ్ళి కూర్చుంది. తిరిగి అడిగినప్పుడు కూడా గుర్తు అదే తప్పు చోటికి పోయి తెస్తుంది కాబట్టి నా పరీక్షలో చివరి పదీ చక్కగా కనిపించాయి. ఏడో మనిషి తుమ్ముల మీద వదిన కూర్చుంది. నంబరైనా అందులో రాసి ఉంటే మొదటి మాటకే దొరికిపోయేది. చోటే నంబరని మురిసిపోయిన తెలివి నాదే.

ప్రోగ్రాములో మార్చాల్సింది ఒక్క మాట. అంకె రకం పెద్దది పెట్టి, పోయిన ఇరవై ఎనిమిది మందినీ, తప్పు చోట పడ్డ ఇరవై తొమ్మిది మందినీ (ఒక్కరు మొదట్లో ఉన్న ఖాళీ జాగాలో పడ్డారు) కార్డులు చూసి మళ్ళీ ఎక్కించాను. పెద్దనాన్న నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. స్కూటర్ మీటరు సంగతి అంతా విని, "కార్డులకు నోరు లేకుండె. నోరు మనం పెట్టినం" అన్నాడు. మనం అన్నాడు, నువ్వు అనలేదు. నాకు దుఃఖం ఆగలేదు. మర్నాడు పెద్దమ్మ ఎక్కడి నుంచో ఒక పలక తెచ్చింది. ఆనాటి నుంచి తెర మీది మాటలు నేను పలక మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాస్తే, ఆయన కంటికి ఆనించుకుని చదివి, తడిగుడ్డతో తుడిచేవాడు. ఆ గదిలో నేను మళ్ళీ గొంతెత్తలేదు.

ఎనిమిది రోజులు పెద్దనాన్న ఇంట్లోనే ఉండిపోయి, ఎదురింటి వైపు చెవి వేసి బతికాను. అరుపులు వినిపిస్తాయని, వదిన సామాను సర్దుకుని పోతుందని, అంతకన్నా ఘోరమేదో జరుగుతుందని భయం. నీళ్ళొచ్చే వేళకు మూత ఎత్తిన చప్పుడు వింటే నా ఒంట్లో వణుకు. వదిన కార్డు నాకు అంటుకుందేమో అనిపించేది. ఏ గోలా వినిపించలేదు. తొమ్మిదో రోజు అవ్వ వచ్చి, కర్టెన్ జరిపి, పెద్దనాన్న ఎదురుగా కూర్చుంది. "మోకాళ్ళకు మందియ్యుండ్రి డాక్టర్ సాబ్. ఇంకోటి గూడ రాయుండ్రి. నాకు ఈ నడుమ చెవులు వినొస్తలేవు. అటు దిక్కు బెంచి మీద కూసుంటే ఒక్క మాట వినొస్తలేదు" అంది. అంటూ నా కళ్ళలోకి చూసింది. ఆమె ఎంత చక్కగా వింటుందో గల్లీ అంతటికీ తెలుసు. మూడిళ్ళ అవతల పాలగిన్నె పొంగినా ఆమే చెప్పేది. పెద్దనాన్న చాలాసేపు కిటికీ వైపు చూశాడు. తర్వాత నాతో, "రాయి బిడ్డా. వినికిడి తక్కువ" అన్నాడు. ఆ సొరుగుల్లో, ఆ ఫైలులో, తెలిసి రాసిన మొదటి అబద్ధం అదే.

ఆ తర్వాత ఇంకో వింత మొదలైంది. రెండేళ్ళుగా ఆ సంగతి ఎత్తని అవ్వ, ఇప్పుడు ఊరికే ఎత్తసాగింది. కూరగాయల ఆమెతో, చుట్టాలతో, నల్లా దగ్గర ఆడవాళ్ళతో, ముఖ్యంగా వదిన పక్కన ఉన్నప్పుడు. "ఆ దినం పాలబ్బాయి పిలిచిండు. మూత తీసింది తీసినట్టే ఇడిసిపెట్టి పోయిన. నా చేతులు ఇరగ" అనేది. ఇంకో రోజు ఇంకో ముక్క కలిపేది. పాలగిన్నె కోసం లోపలికి పోయానని, పొయ్యి మీద నీళ్ళు మసులుతుండెనని, అప్పటికి కోడలు లేవనే లేదని. వినేవాళ్ళు కళ్ళు తుడుచుకునేవారు. వదిన మొహం తెల్లబోయేది. అవ్వ ఎత్తిపొడుస్తోందని, తెలిసి వదినను కొంచెం కొంచెంగా కోస్తోందని నేననుకున్నాను. ఇదంతా నా మూలానే కదా అని నా మీద నాకే అసహ్యం వేసేది. వదిన నెలకోసారి వచ్చి గోలీలు పట్టుకెళ్ళేది. నేను పలక మీద ఐదువందల పందొమ్మిది రాసి, ఆమె మొహం చూడలేక తల దించుకునేదాన్ని.

రెండేళ్ళకు పెద్దనాన్న పోయాడు. సొరుగులూ కంప్యూటరూ అశోక్‌నగర్‌లో మా ఇంటికి వచ్చాయి. పెద్దమ్మ వాటిని ఇంట్లో ఉంచుకోలేనంది. తర్వాత రెండేళ్ళకు అవ్వ పోయింది. ఆమె పోయిన నెలలోపే ఒక మధ్యాహ్నం వదిన మా ఇంటికి వచ్చింది. మంచినీళ్ళు తాగి, గ్లాసు చేతిలోనే పట్టుకుని కూర్చుంది.

"చెల్లె, అత్తమ్మ పోయే ముందట నేనొకటి చెప్పిన" అంది. "మూత తీసింది నేను అత్తమ్మా, నువ్వు కాదు, ఇన్నేండ్లు చెప్పలేక సచ్చిన అన్న. నా చెయ్యి పట్టుకున్నది. నీకు యాది లేదు బిడ్డా, ఆ దినం నువ్వు జరంతోని పండుకున్నవ్, నేనే తీసిన అన్నది. నేను ఒట్టేసిన. ఆమె నవ్వింది. జరంల ఏమేమో అనుకున్నవ్ తియ్యి అన్నది." వదిన గ్లాసు కింద పెట్టింది. "ఇప్పుడు నాకు నిజంగనే జరం ఉండెనేమో అనిపిస్తుంది. కాళ్ళు కాలుతుండె, దుప్పటి కప్పుకున్న అని యాదికొస్తుంది. ఏది నిజమో తెలుస్తలేదు, పరేషాన్ అయితున్న. నేను మొట్టమొదలు వచ్చిననాడు డాక్టర్ సాబ్‌కు ఏం చెప్పిన్నో, గది కార్డుల ఉంటది కద? జర చూసి చెప్పవా?"

అప్పుడు అర్థమైంది నాకు, అవ్వ నాలుగేళ్ళుగా చేస్తున్న పని ఏమిటో. ఎత్తిపొడుపు కాదు అది. పాలబ్బాయి, పాలగిన్నె, పొయ్యి మీది నీళ్ళు, జ్వరం, ఒక్కో ముక్కా తెచ్చి వదిన జ్ఞాపకం మీద పెడుతూ వచ్చింది. కింద ఉన్నది కనిపించకుండా పోయేదాకా పెట్టింది. నేను నోరు జారకపోతే ఆమెకు ఆ పని ఉండేదే కాదు. తను చేయలేదని తెలిసి, బరువు దింపుకునే వీలు వచ్చాక, దింపుకోకుండా పోయింది.

కూర్చో వదినా, చూసి చెప్తానని లోపలి గదిలోకి వెళ్ళి తలుపు చేరవేశాను. మొదట సొరుగులోంచి అట్ట కార్డు తీసి నా పుస్తకంలో పెట్టాను. తర్వాత కంప్యూటర్ పెట్టి, ఫైలు తెరిచి, గుర్తును ఐదువందల పందొమ్మిదికి జరిపాను. ఎక్కడున్నావని అడిగితే అరవై ఆరు వేల నాలుగువందల ముప్పై రెండు అంది. కాగితం మీద గుణించి చూశాను. మళ్ళీ అడిగాను. అంతే వచ్చింది. చదివాను. నాలుగు ముక్కలూ ఉన్నాయి. గుర్తును మళ్ళీ మొదటి అక్షరం మీదికి తెచ్చి, దానిమీద రాశాను. నీళ్ళు పడే చప్పుడుకు వణుకు. నిద్ర తక్కువ. బిడ్డ పోయిన నాటి నుంచి. ఆ రోజు తను జ్వరంతో పడుకుని ఉంది. పాతదాని తోక మిగలకుండా చివరి దాకా ఖాళీలు కొట్టాను.

వదినను పిలిచి చూపించాను. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుంటూ, పెదవులు కదుపుతూ చదివింది. "జరం అని నేనే చెప్పిన్నా?" అంది. "పెద్దనాన్న రాసిందే ఎక్కించాను వదినా" అన్నాను. తెర మీద ఆ మాట దగ్గర వేలు పెట్టి, చాలాసేపు ఉంచింది. తర్వాత కుర్చీలో కూర్చుని ఏడ్చింది. ఆమె అలా గొంతు విప్పి ఏడవడం నేను అంతకుముందు చూడలేదు. లేచేముందు, మా వాకిట్లో నిండుతున్న సంపు వైపు ఒకసారి చూసి, కొంగుతో మొహం తుడుచుకుని, వస్త చెల్లె అని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం కార్డును పొయ్యి మంట మీద పెట్టాను. పెద్దనాన్న వంకర అక్షరాలు ఒక్క క్షణం ఎర్రగా కనిపించి పోయాయి. ఆయన ఉంటే ఏమనేవాడో ఎన్నోసార్లు ఆలోచించాను. వినికిడి తక్కువ అని రాయించిన మనిషి నన్ను తిట్టడనే అనుకుంటాను, అయినా నమ్మకంగా చెప్పలేను.

వదిన కూడా పోయిన ఏడు కన్నుమూసింది. ఎదురింటి చోట ఇప్పుడు అపార్ట్‌మెంట్ ఉంది, ఆ గల్లీలో మమ్మల్ని ఎరిగినవాళ్ళు లేరు. అందుకే రాయగలుగుతున్నాను. చేసింది మంచో చెడో తేల్చుకోలేదు. ఆమెను ఓదార్చానో, ఆమె నిజాన్ని ఆమె దగ్గర్నుంచి దొంగిలించానో నాకు తెలియదు, ఆ ప్రశ్న నన్ను వదలదు. వదిన ఆ కార్డులో చెప్పిన మాట తెలిసినవాళ్ళం మొదట ముగ్గురం, ఆ తర్వాత నలుగురం. ఇప్పుడు నేనొక్కదాన్నే. నా కళ్ళతో చూడని ఆ పొద్దున నాకు రెండు రకాలుగా కనిపిస్తుంటుంది. ఒకదాంట్లో వదిన వంగి మూత ఎత్తుతుంది, ఇంకోదాంట్లో దుప్పటి కప్పుకుని జ్వరంతో పడుకుని ఉంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ మొదటిది మసకబారుతోంది, రెండోదాంట్లో దుప్పటి రంగు కూడా కనిపిస్తోంది.